మా ఆవిడ అభిప్రాయం

"ఈ ఇంట్లో అందరికంటే ఆఖర్న పుట్టినరోజు జరిగింది ఎవరికండీ?" రాలిత్సా గుమ్మంలో నిలబడే అడిగింది.

"నాకే," అన్నాడు వల్చో. "మార్చిలో. గొర్రెపిల్లని కాల్చి, ఈ మెట్ల మీదున్న ఇళ్లవాళ్లందర్నీ పిలిచాం."

"మరి పిన్నిగారికి?"

వల్చో ఆలోచనలో పడ్డాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో ఇంత కష్టమైన ప్రశ్న ఆయన ఎదుర్కోలేదు. "ఎండాకాలంలో ఎప్పుడో ఉంటుందిలే."

"పోయిన గురువారం," అంది బాల్కనీలోంచి ఓ సన్నటి గొంతు.

అంటే సర్వేకి జవాబులు చెప్పాల్సింది ఆయన భార్య నెవెనా. నియమం అలాంటిది. ఎవరి పుట్టినరోజు ఆఖర్న వచ్చిందో వాళ్లే, వాళ్ల నోటితోనే చెప్పాలి. ఆడవాళ్ల మీద జరిగే అత్యాచారాల గురించీ, ఆడామగా సమానత్వం గురించీ జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని రాజధాని సోఫియాలో ఎవరికో బుద్ధి పుట్టింది. ఆ బుద్ధిని సంచీలో మోసుకుంటూ రాలిత్సా పొద్దుట్నుంచీ లోమ్ ఊళ్లో మెట్లెక్కి దిగుతోంది. ఇది ఏడో ఇల్లు. అంతకుముందు ఎక్కిన ఆరిళ్లలోనూ ఆడవాళ్ల అభిప్రాయాలు మొగుళ్లే చెప్పేశారు. ఆ ఆరు కాగితాలూ కొట్టేయాల్సి వచ్చింది. కనీసం ఈ ఇంట్లోనైనా ఒక ఆడమనిషి తన జవాబు తను చెబితే చాలని ఆమె ఆశ.

"పిన్నిగారితో విడిగా మాట్లాడాలండీ."

"విడిగా ఎందుకు? మా ఇంట్లో దాపరికాల్లేవు. కూర్చో అమ్మాయ్. రకియా సారా ఓ చుక్క పొయ్యనా?"

"వద్దండీ."

నెవెనా బాల్కనీలో మిరపకాయలు కాల్చడం ఆపి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. వేళ్లకి ఎర్రటి తొక్కలు అంటుకునే ఉన్నాయి. పిలిచారు కాబట్టి వచ్చిందే తప్ప, తనని ఏమైనా అడుగుతారన్న నమ్మకం ఆ ముఖంలో లేదు.

"మొదటి ప్రశ్న. తాగి ఉన్న ఆడమనిషి మీద ఎవరైనా అత్యాచారం చేస్తే, ఆ తప్పులో ఆమెకీ వాటా ఉందంటారా?"

నెవెనా నోరు తెరిచింది.

"ఉండదా మరి?" అన్నాడు వల్చో. "తాగమని ఎవరేడ్చారు?" అంటూ గ్లాసు నింపుకున్నాడు.

"బాబాయ్‌గారూ, పిన్నిగారు చెప్పాలండీ."

"దాని గొంతు చిన్నదమ్మా. లోపల ఉన్నదాన్ని నేను పైకి చెబుతున్నా, అంతే. ఏమే, అంతేగా?"

నెవెనా వేలికున్న తొక్క గీక్కుంది.

"పోనీ రెండోది. పొట్టి బట్టలు వేసుకుంటే..."

"మగాడేమన్నా కొయ్యబొమ్మా?"

"ఆడామగా సమానమని ఒప్పుకుంటారా?"

"నూటికి నూరుపాళ్లు!" వల్చో బల్ల గుద్దాడు. "మా ఇంట్లో సమానత్వం ఎప్పుడో వచ్చింది. ఏ పనైనా సరే, ఇది చేస్తానంటే నేను వద్దన్నానా?"

"అత్యాచారం జరిగితే ఆమె బయటికి చెప్పాలంటారా?"

"పరువున్న ఇళ్లలో అలాంటివి జరగవు. లేని ఇళ్లలో జరిగితే చెప్పుకుని ఏం లాభం?"

పదో ప్రశ్న దాకా ఇదే వరస. ఏడో కాగితం కూడా పోయేలా ఉంది. రాలిత్సాకి ఒళ్లు మండింది. సంచీలోంచి ఓ అట్ట కార్డు తీసి నెవెనా చేతికిచ్చింది.

"రెండో భాగం. ప్రశ్నలూ జవాబులూ దీని మీదే ఉన్నాయి. మనసులో చదువుకుని నంబరు చెబితే చాలు పిన్నిగారూ."

"ఏమున్నాయేంటి?" వల్చో మెడ చాచాడు.

"ఇంటి విషయాలేనండీ. కార్డు ఇంకొకరు చూస్తే మాత్రం అంతా మళ్లీ మొదట్నుంచి. రెండు గంటలు పడుతుంది."

మధ్యాహ్నం టీవీలో ఫుట్‌బాల్ ఉంది. వల్చో వెనక్కి వాలాడు.

"పదకొండో ప్రశ్న?"

నెవెనా చదివింది. చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని మళ్లీ చదివింది. "ఒకటి," అంది, వినీ వినబడనట్టు.

"ఒకటి!" వల్చో కేకేశాడు. నంబర్లలో కలపడానికి ఆయనకి అభిప్రాయమేదీ దొరకలేదు. గొంతన్నా కలుపుదామనుకున్నాడు.

"పన్నెండు?"

"మూడు."

"మూడంట!"

"పదమూడు?"

"ఐదు."

"ఐదు! రాసుకో అమ్మాయ్."

పద్నాలుగో ప్రశ్న దగ్గర నెవెనా ఆగిపోయింది. బాల్కనీలో పొయ్యి మీద వదిలేసిన మిరపకాయ మాడి ఘాటు ఇల్లంతా కమ్ముకుంది. ఆమె లేవలేదు.

"ఇష్టం లేకపోతే వదిలేయొచ్చు పిన్నిగారూ," అంది రాలిత్సా మెల్లగా.

"వదిలేయడమేంటి? సర్కారు వాళ్లు అడుగుతుంటే! ఏమే, నిద్రపోయావా? చెప్పు!"

నెవెనా పెదవులు కదిలాయి. "నాలుగు."

"గట్టిగా చెప్పవే! అమ్మాయికి వినబడొద్దూ?"

"నాలుగు!"

పక్క బాల్కనీలో బట్టలారేస్తున్న మనిషి తిరిగి చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. రాలిత్సాకి సంతోషమేసింది. అంతకు రెట్టింపు భయమేసింది.

"అద్గదీ!" వల్చో మీసం దువ్వాడు. "నాలుగు! పెద్ద అక్షరాల్తో రాసుకో. మేం మాట మార్చే మనుషులం కాం."

రాలిత్సా రాసుకుంది. కార్డు వెనక్కి తీసుకుంటూ ఓ మడత కాగితం నెవెనా జేబులో పెట్టింది. "దీంట్లో ఫోన్ నంబరుంది. ఏ వేళకైనా చెయ్యొచ్చు."

"అదెందుకు? ఏం కావాలన్నా నేను లేనూ?" అన్నాడు వల్చో.

నెవెనా జేబులో చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి మళ్లీ బయటికి తియ్యలేదు.

వల్చో గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. "మిగతా ఇళ్లలో కూడా ఇలాగే సహకరిస్తున్నారా?"

"మీ అంతగా ఎవరూ సహకరించలేదు బాబాయ్‌గారూ," అని రాలిత్సా గబగబా మెట్లు దిగింది.

కార్డు మీద పద్నాలుగో ప్రశ్న, 'మీ మీద అత్యాచారం చేసింది ఎవరు?', నాలుగో జవాబు, 'నా భర్త.'