ఆరింటిలో ఒకటి

“ఒకటి! ఆరింటిలో ఒక్కటంటే ఒక్కటి!” యాగ్నా పత్రికను బల్ల మీద పరిచి, పేజీ అడుగున ఉన్న పెద్ద అంకె మీద వేలు పెట్టింది. “బడిలో నాకు ఒకటి వచ్చిన రోజున మా అమ్మ నాతో మాట్లాడటమే మానేసింది, జెమోవిత్. ఇప్పుడు లోకం మొత్తం మానేస్తుంది.”

జెమోవిత్ ఆ అంకెను చాలాసేపు చూశాడు. మూడేళ్లు కూర్చుని వాళ్లిద్దరూ తయారుచేసిన కంప్యూటర్ ఆట ‘బూడిదకోట’ విడుదలై పదిరోజులయింది. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉన్న పాత బాణీ సాహసం. ఎటు వెళ్లాలో చూపించే బాణం గుర్తు ఉండదు, పటం ఉండదు. ఆడేవాడే అడుగడుగునా దారి కనుక్కోవాలి. దారి తప్పే వీలు లేనివాడికి చేరుకోవడమంటే ఏమిటో తెలియదని జెమోవిత్ నమ్మకం.

ఆటగాళ్లు ఆ నమ్మకాన్ని నెత్తిన పెట్టుకున్నారు. గదీనియా ఊరి నుంచి ఒక నర్సు, గోడకు అంటించే కాగితం వెనక తాను గీసుకున్న పటాన్ని ఫోటో తీసి పంపింది. వార్సాలోని పోలిష్ పత్రికలు మాత్రం పెదవి విరిచాయి. ‘మ్యూజియంలో పెట్టవలసిన ఆట’ అని ఒకటి, ‘ఎదగడానికి భయపడిన ఆట’ అని మరొకటి. ఇక మిగిలిన ఆశల్లా సరిహద్దు నది అవతల, గోర్లిట్స్‌లో అచ్చయ్యే ఈ జర్మన్ పత్రిక.

“ఏం రాసిందో చదువు,” అన్నాడు.

యాగ్నా తనకు వచ్చిన కాస్త జర్మన్‌తో కూడబలుక్కుంది. “బాణాలు లేవు. పటం లేదు. తొమ్మిది గంటలు దారి తప్పి తిరిగాను. పిండిమర ముసలాయన నన్ను గాడిదా అని పిలిచాడు. నోటుబుక్కు కొనుక్కోవలసి వచ్చింది.”

“తర్వాత?”

“తర్వాతేముంది, ఒకటి. ఈ సమీక్ష రాసిన రోస్విత క్లెమ్ అంతేనట. పొగడదు, తిట్టదు. చూసింది నాలుగు ముక్కలు రాసి మార్కు పడేస్తుంది.”

“అన్నీ నిజాలే రాసింది కదా.”

“నిజాలు కాబట్టే గుచ్చుకుంటున్నాయి, మహానుభావా! బాణాల అప్‌డేట్ సిద్ధంగా ఉంది. నొక్కమంటావా, ఇంకా వేదాంతం చెబుతావా?”

ఇంతమంది ఒకే మాట అంటున్నప్పుడు తనలో మిగిలినదానికి విశ్వాసమని పేరు పెట్టాలో, మొండితనమని పెట్టాలో జెమోవిత్‌కు తేలలేదు. ఆ రెండూ లోపలి నుంచి చూస్తే ఒక్కలాగే ఉంటాయి.

“నొక్కు,” అన్నాడు.

అరగంటకల్లా లాప్‌టాప్ చంకన పెట్టుకుని, నీసా నది మీది కాలివంతెన దాటుతున్నాడు. జేబులో ఫోను మోగింది. గదీనియా నర్సు రాసింది: ‘మా పిండిమర ముసలాయనకు ఏమైంది? జ్వరమా?’ అతను ఫోను మళ్లీ జేబులో పెట్టేసి నడిచాడు.

పత్రిక ఆఫీసులో బల్ల ముందు కూర్చున్న రోస్విత క్లెమ్‌కు అరవై దాటి ఉంటాయి. చెవి వెనక పెన్సిల్. పోలిష్ మాట్లాడుతుంది గాని, పాఠ్యపుస్తకం అప్పజెప్పినట్టు.

“మేడమ్, మీరు మాకు ఒకటి ఇచ్చారు,” అన్నాడు జెమోవిత్ నిలబడే.

“ఇచ్చాను. పదకొండేళ్లుగా ఎవరికీ ఇవ్వలేదు.”

అతను లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టాడు. “అంతటి పని చేశామా?”

“చేశారు. ఆ పిండిమర దారి నన్ను కలల్లో కూడా వదల్లేదు.”

“క్షమించండి. అన్నీ సరిచేశాం. ఒక్కసారి ఆడి చూసి, మళ్లీ మార్కు వెయ్యండి. మీకు పుణ్యముంటుంది.”

“సరిచేశారా?” ఆమె కళ్లజోడు కిందికి దించింది. “ఏం సరిచేశారు?”

ఆట మొదలైంది. తెర మీద బంగారు రంగు బాణం వెలిగింది. రోస్విత దాని వెంట నడిచింది. నాలుగు నిమిషాల్లో పిండిమర వచ్చేసింది. ముసలాయన నడుము వంచి, “స్వాగతం, మహావీరా!” అన్నాడు.

“నన్ను గాడిదా అన్నవాడు ఎక్కడ?”

“మర్యాద నేర్పించాం, మేడమ్.”

“దారి చెప్పమని చేపలవాడిని బతిమాలుకోవాలి కదా?”

“ఇక ఎవర్నీ బతిమాలక్కర్లేదు!”

“నా నోటుబుక్కు?”

“దాంతోనూ పని లేదు!”

ఆమె లాప్‌టాప్ మూసేసింది. నిట్టూర్చి, చెవి వెనక పెన్సిల్ తీసి, బల్ల మీది పత్రికలో ఒకటిని అడ్డంగా కొట్టేసింది. పక్కన ఐదు వేసింది.

“మనసు ఒప్పడం లేదు. కానీ న్యాయం న్యాయమే. వచ్చే సంచికలో సవరణ వేస్తాం.”

జెమోవిత్ ఒక్క ఉదుటున వంగి ఆమె చేతిని ముద్దు పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఫోను అందుకున్నాడు.

“యాగ్నా! ఐదు! ఆరింటిలో ఐదు!”

ఫోనులోంచి వచ్చిన కేక గదంతా వినిపించింది. “నిజంగానా! నువ్వు రా, గసగసాల కేకు తెప్పిస్తున్నా!”

రోస్విత తన చేతిని వెనక్కి తీసుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

“ఏమండీ, మీ దేశంలో పరీక్ష తప్పినవాళ్లు కూడా పండగ చేసుకుంటారా? మా బళ్లలో ఒకటి వస్తేనే క్లాసు ఫస్టు, ఐదొస్తే ఫెయిలు! పోయి ఆ బాణాలు పీకేసి రండి, పెన్సిల్‌తోనే రాశాను, చెరిపేస్తాను.”