చక్రాలకు మార్కులు

"నా చక్రాలకి ఆఖరి నంబరా? నీకు చేతులెలా వచ్చాయి వదినా?"

ఆడపడుచు తలుపు తట్టకుండానే లోపలికి దూసుకొచ్చింది. చక్రాల కుర్చీలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో వదిన కొనుగోళ్ల మేనేజరు. చక్రాలు సరఫరా చేసే ముగ్గురిలో ఆడపడుచు ఒకరు. ముగ్గురి పనితనాన్నీ పోల్చి, ఆఖరున తేలినవాళ్ళని మాన్పించమని పైనుంచి హుకుం వచ్చింది.

"ముందు కూర్చో. మంచినీళ్ళు తాగు."

"నీళ్ళతో చల్లారే మంట కాదిది."

"సరుకు వేళకి వచ్చిందా, అందులో ఎంత వెనక్కి పంపాం? ముగ్గురినీ ఒకే కొలబద్దతో కొలిచాను. దానికి వదినా ఆడపడుచూ తెలియదు."

"మరి అమ్మకేం చెప్తావ్?"

"అత్తయ్యగారికీ ఉన్నదే చెప్తాను. నీ సరుకు ఎప్పుడూ ఆలస్యమే."

చక్రాలు చేసే షెడ్డులో తనని నమ్ముకుని పనిచేస్తున్న ఆడవాళ్ళు గుర్తొచ్చారేమో, ఆడపడుచు గొంతు తగ్గించింది.

"ఆలస్యమైన మాట నిజమే. ఎందుకైందో కూడా కొలిచావా?"

ఆఫీసులో బంధుప్రీతి అంటారన్న భయంతో వదిన ఆ షెడ్డు గడప ఎన్నడూ తొక్కలేదు. కుర్చీలోంచి లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

"పద, చూపించు."

షెడ్డులో కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. గోడవారన పెద్ద చక్రాలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. వదిన ఒకటి లాగి, నడిమి బెజ్జంలో వేలు పెట్టి చూసింది.

"ఇది మా పాత ఇరుసు కొలత కదా?"

"అచ్చు పోశాక మీవాళ్ళు ఫోన్ చేశారు, ఇరుసు మార్చామని. మళ్ళీ పోశాం. మళ్ళీ మార్చారు."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"వదిన చాటున నెట్టుకొస్తోందని అనిపించుకోవడం నాకిష్టం లేదు."

వదిన అక్కడున్న స్టూలు మీద కూలబడింది. మిగతా ఇద్దరూ చేసిచ్చేది ముందువైపు చిన్న చక్రాలే. వాటి కొలత ఏనాడూ మారలేదు. ఎద్దునీ గుర్రాన్నీ ఒకే పందెంలో దించింది చాలక, ఎద్దు మెడకి బండి కూడా కట్టింది తను!

కూర్చున్నచోటునుంచే పై అధికారికి ఫోన్ చేసింది.

"సార్, నేను కొలిచింది తప్పు. ఆర్డరిచ్చిన రోజునుంచి కాదు, మనం ఆఖరి కొలత చెప్పిన రోజునుంచి లెక్కపెట్టాలి... అవును సార్, ఆవిడ మా ఆడపడుచే. అందుకే నా మాట నమ్మొద్దు, మీరే వచ్చి చూడండి. ఆలస్యం మనది."

అవతలినుంచి అక్షింతలు చాలాసేపే పడ్డాయి. వదిన చెవి మార్చుకుంది కానీ మాట మార్చుకోలేదు. చివరికి ఆయనే మెత్తబడ్డాడు. లెక్క సరిచేసి పంపమన్నాడు, అప్పటిదాకా ఎవరినీ మాన్పించొద్దన్నాడు.

బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి అక్కడే లెక్క సరిచేయగానే వదిన ముఖం చాటంతయింది.

"ఇదిగో, మొదటి నంబరు నువ్వే! ఇకనుంచి కొలత ఖాయమయ్యాకే నీకు కబురొస్తుంది. వచ్చే నెలనుంచి ఆర్డరు రెట్టింపు. సరేనా?"

ఆడపడుచు మసిచేతులు గుడ్డతో తుడుచుకుంటూ నవ్వింది.

"రెట్టింపు అంటే ఇప్పుడే ఒప్పుకోలేను వదినా."

"అదేంటే!"

"చక్రాలు చేసేవాళ్ళం అందరం కూర్చుని, కొనేవాళ్ళకి మార్కులేసుకున్నాం. మీ ఫ్యాక్టరీ ఆఖర్న ఉంది. షెడ్డుకొచ్చి చూశావు కాబట్టి ఇప్పుడే ఒక మెట్టు ఎక్కించాను, ఇంకో రెండెక్కి రా, మాట్లాడుకుందాం!"