అర్జెంటు వరుస

ఆ అపార్ట్‌మెంటులో ఫ్రిజ్జులకూ ఫ్యాన్లకూ ఉన్న కంప్యూటరు బుర్రలన్నీ ఉమ్మడివే. ఎవరి పనైనా వరుసలో పెట్టాల్సిందే. సగం బుర్రలు అర్జెంటు వరుసకు, సగం మామూలు వరుసకు. సువర్చల భర్తకున్న యంత్రపు కాలును రోజూ పొద్దున్నే వాటిచేత సరిచేయిస్తేగాని ఆయనకు అడుగు పడదు.

అర్జెంటు వరుస చూసి ఆమె మూతి విరిచింది. అందులో సెక్రటరీ పేర్రాజు తనకు ఏ మీసం నప్పుతుందో చెప్పమన్నాడు. పై ఫ్లాటావిడ కుక్కకు జాతకం వేయమంది.

"అందరిదీ అర్జెంటే! సిగ్గూ శరం లేని జనం" అంటూ కాలు పనిని మామూలు వరుసలో పడేసింది. అక్కడ పిట్ట కూడా లేదు. క్షణంలో అయిపోయింది.

భార్యాభర్తలు మెట్లు దిగుతుంటే, సగం గీసిన మీసంతో కాచుక్కూర్చున్న పేర్రాజు నోరెళ్ళబెట్టాడు.

"మీది ముందెలా అయిందండీ?"

"మాది అర్జెంటు కాదండీ," అంది సువర్చల, "అవసరం."