అబద్ధాల బోర్డు మీద ఆవిడ

"కత్తెర నాది!"

"నీదెలా అవుతుందే? ముందు చెయ్యెత్తింది నేను!"

ఫొటో మీద కప్పిన గుడ్డ ఇంకా తియ్యనేలేదు, ఏడో తరగతిలో యుద్ధం మొదలైపోయింది.

లెక్కల మేడమ్ కత్తెర తీసి చేతిసంచిలో పడేసుకుంది.

"ముందు అబద్ధం పట్టండి. తర్వాత కత్తెర."

ఆ తరగతిలో వారానికో ఫొటో గోడకెక్కేది. అందులో మేడమ్ కంప్యూటర్లో అతికించిన అబద్ధం ఒకటి ఉండేది. లెక్కలతో పడతారో, సైన్సుతో పడతారో, భాషతో పడతారో పిల్లల ఇష్టం. పట్టినవాళ్లు దాన్ని కత్తిరించి అబద్ధాల బోర్డుకి గుచ్చాలి.

ఫోన్లో వచ్చిన ప్రతి బొమ్మనీ నమ్మేసి, దాన్ని చుట్టాలందరికీ పంపితేగాని నిద్రపట్టని పెద్దవాళ్ల మధ్య పెరుగుతున్న పిల్లలాయె. ఎవరో ఒకరు నేర్పాలిగా.

ఇవాళ ఆ పెద్దవాళ్లే వెనక బెంచీల్లో మోకాళ్లు ముడుచుకుని ఇరుక్కున్నారు. "పాఠాలు వదిలేసి బొమ్మలు చూడ్డమేంటి?" అని ఫిర్యాదు చేసింది వాళ్లే. వాళ్లు ఒప్పుకుంటే ఈ పీరియడ్ ఉంటుంది, లేకపోతే రేపటినుంచి రద్దు అని ప్రిన్సిపాల్ గారు తేల్చేశారు. ఆవిడేమో ఏదో మీటింగులో చిక్కుకుని, "మొదలుపెట్టండి, వచ్చేస్తున్నా" అని కబురుపెట్టారు.

మేడమ్ గుడ్డ తీసింది.

చదువు ముగించుకుని వెళ్లిపోయిన చివరి తరగతి పిల్లల వీడ్కోలు ఫొటో. మధ్యలో ప్రిన్సిపాల్ గారు. ఆ రోజు మిగతా టీచర్లంతా పరీక్ష పేపర్లు దిద్దుతూ అటువైపు పోనేలేదు. వెనక కనిపిస్తున్న మేడకి ఐదు కిటికీలుంటే, మేడమ్ ఆరోది అతికించింది.

"ఇంత విద్య ఉండి కిటికీలేంటండీ? నా నెత్తిన నాలుగు వెంట్రుకలు అతికించకూడదూ?" అన్నాడు పక్కనున్న సైన్సు మాస్టారు గుసగుసగా.

"దాన్ని ఒకటో తరగతి వాళ్లు కూడా పట్టేస్తారు మాస్టారూ."

కిటికీల వంక ఒక్కరూ చూడలేదు.

"మేడమ్! ఆ చివరావిడ!" అని గావుకేక పెట్టింది క్లాసులో అందరూ వాగుడుకాయ అని పిలిచే పిల్ల.

నిజమే. కుర్రకారు వరసకి కాస్త ఎడంగా ఒక పెద్దావిడ. ముఖం కొంచెం అలుక్కుపోయి ఉంది.

మేడమ్ ఫొటో దగ్గరికి వెళ్లి వంగి చూసింది. ఆవిణ్ని తను అతికించలేదు. కిటికీ హడావిడిలో అసలు గమనించనేలేదు.

"ఏం, ఆవిడకేమైంది?"

"అందరి నీడలూ కాళ్లకి అంటుకున్నాయి మేడమ్. ఆవిడ నీడ మాత్రం కాలికి దూరంగా ఉంది. గాల్లో తేలుతోందా?"

"మెడలో స్కార్ఫు ఎగురుతోంది, వెనక జెండా మాత్రం కర్రకి అతుక్కునుంది. గాలి ఆవిడొక్కదానికే వీచిందా?" అన్నాడు ఇంకొకడు.

వెనక బెంచీలు గొల్లుమన్నాయి.

ఒకడు కోణమానిని పట్టుకుని ఫొటో మీదికెక్కినంత పని చేశాడు. "ఇంత ఒరిగి నిలబడితే బోర్లా పడతారు మేడమ్. వేరే ఫొటోలోంచి తెచ్చేశారు."

"నన్ను వర్ణించమంటే ఇలా రాస్తాను," అంది భాషలో ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్ల. "అందరూ నిలబడి ఉన్నారు. ఆవిడ ఇంకా వస్తోంది. ఒక్క ఫొటోలో ఈ రెండూ ఎలా కుదురుతాయి?"

ఒక తల్లి ముక్కున వేలేసుకుంది. "ఎదురుగా ఉన్న ఉప్పుడబ్బా కనపడదు మావాడికి. వీడేనా?"

అందరూ చప్పట్లు.

"నేను అతికించింది కిటికీ మాస్టారూ!" అంది మేడమ్ గొంతు తగ్గించి. "ఈవిడెవరు?"

సైన్సు మాస్టారు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఎక్కడో చూసినట్టే ఉంది. అదీ సగం ముఖమే చూసినట్టు... పోనిద్దురూ, స్టూడియోవాళ్లే ఎవరినో అతికించుంటారు. నీడ సంగతి పిల్లలు చెప్పింది నూటికి నూరుపాళ్లు రైటు. ఇప్పుడు మీరు కిటికీ అన్నారనుకోండి, పీరియడ్ గోవిందా."

మేడమ్ కిటికీని చూసింది. చప్పట్లు కొడుతున్న వెనక బెంచీలను చూసింది.

కత్తెర తీసి ఇచ్చింది.

వాగుడుకాయ నాలుక బయటపెట్టి, స్కార్ఫు కొసైనా తెగకుండా, ఆవిణ్ని ఒడుపుగా కత్తిరించింది. తీసుకెళ్లి అబద్ధాల బోర్డు నడిమధ్యన గుచ్చింది.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు రొప్పుతూ వచ్చారు.

"పీరియడ్ తియ్యకండి మేడమ్," అన్నాడొక తండ్రి లేచి. "వీలుంటే మాక్కూడా ఒకటి పెట్టండి."

"మీరే అన్నాక ఇంకెందుకు తీస్తాను?" అని నవ్వుతూ బోర్డువైపు తిరిగారు ఆవిడ.

నవ్వు ఆగిపోయింది.

"ఈవిణ్ని ఇక్కడ పెట్టారేంటి?"

"అబద్ధం కదా మేడమ్!"

నీడ, స్కార్ఫు, ఒరిగిన కోణం, అన్నీ పిల్లలు ఒకేసారి చెప్పేశారు. ప్రిన్సిపాల్ గారు ఓపిగ్గా విన్నారు.

"అన్నీ బాగానే చూశారు. ఈ ఫొటో తీసిందెవరని ఒక్కరైనా అడిగారా?"

వాగుడుకాయ కత్తెరని వెనక దాచుకుంది. లెక్కల మేడమ్ నేలచూపులు చూసింది.

ప్రిన్సిపాల్ గారు ఆ కాగితపు మనిషిని బోర్డు మీంచి మెల్లగా తీసి అరచేతిలో పెట్టుకున్నారు.

"మీరు బళ్లో చేరినప్పటినుంచీ కెమెరా వెనకే ఉండి మీ అందరి ఫొటోలూ తీసిన స్టూడియో ఆవిడర్రా; దుకాణం మూసేసి వెళ్లిపోతున్నానంటే, ఈ ఒక్కదాంట్లోనైనా మా పక్కన నిలబడమని నేనే పట్టుబట్టాను, కెమెరాకి టైమర్ పెట్టి పరిగెత్తుకుంటూ వచ్చింది."