తప్పులేని లేసు

నరసాపురంలో ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ ఒక ఎగుమతి పెట్టె ఉంది. పొద్దున అందులో పెట్టిన సరుకు సాయంత్రానికి కొన్నవాళ్ళ దేశం చేరుతుంది. రూతమ్మ అల్లిన లేసు బల్లగుడ్డను డెన్మార్క్‌లో ఒక పెళ్ళికూతురు కొనుక్కుంది. పెట్టె మాత్రం దాన్ని మూడోసారి బయటికి తోసేసింది.

"చేతిపని అని రాశారు. మనిషి చేస్తే ఎక్కడో ఒక తప్పుండాలి. ఇందులో లేదు. పంపలేను," అంది పెట్టె.

"ఒక్క ముడి వదిలెయ్యండి అత్తయ్యా," అంది కోడలు హెప్సిబా. "వీధిలో అందరూ అదే చేత్తన్నారు."

రూతమ్మకు ఒళ్ళు మండింది. "నలభై ఏళ్ళ నించి నా చెయ్యి తప్పలేదే. ఇయ్యాల ఈ రేకుడబ్బా కోసం తప్పాలా?"

పీట లాక్కుని పెట్టె ఎదురుగా కూర్చుంది. "కళ్ళున్నాయిగా, చూడు," అంటూ సూదీ దారమూ అందుకుంది. గంటన్నరలో, బల్లగుడ్డ నడుమ ఉన్న పువ్వులాంటిదే ఇంకో పువ్వు ఆమె ఒళ్ళో విచ్చుకుంది. పెట్టె రెండింటినీ ముడి ముడికీ పోల్చి చూసింది.

"మనిషి చేసింది. తప్పు లేదు."

అదే మాట ముద్ర కొట్టి బల్లగుడ్డను లోపలికి తీసుకుంది. అలాంటి ముద్ర అంతవరకూ ఎవరి సరుకు మీదా పడలేదు.

హెప్సిబా వేసిన కేక వీధి చివరిదాకా వినిపించింది. పొద్దు వాలేసరికి ఆ వీధి ఆడవాళ్ళంతా అరుగుల మీద చేరి, తాము కావాలని పెట్టిన తప్పుల్ని ఒక్కొక్కటే ఊడదీస్తున్నారు.