దొంగ కుంటుడు

గవర్రాజు లుంగీ ఎగ్గట్టి, స్టీలుప్లాంటు రోడ్డుకని పోసిన కంకరలో తీతువు వెంట పడ్డాడు. పిట్ట ఒక రెక్క ఈడ్చుకుంటూ కుంటుతోంది. ఈ పూటకి కూర ఖాయం అనుకునేసరికి తుర్రున ఎగిరిపోయింది.

పెళ్లాం దేముడమ్మకి నవ్వాగలేదు. "దాని రెక్కకేటీ అవనేదు బావా. గుడ్లు తొక్కెత్తావని దొంగ కుంటుడు కుంటి నిన్నిటు లాక్కొచ్చింది."

"బోడి నేల మీద గుడ్లెవులెడతారే? తుప్పల్లో దాస్కోవాల గానీ."

"తుప్పల్లో ఎడితే ముంగిస మీదకొచ్చీదాకా తెల్దు. ఇక్కడైతే దూరం నుంచే అగుపడతాది. గుడ్లంటావా, కంకర్రాళ్లలాగే ఉంటాయి. ఎదరే ఉన్నా నీ కంటికి ఆనినాయేటి?"

గవర్రాజు పిట్టని బూతులు తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు. దేముడమ్మ స్టవ్వులో పోయడానికి గుమ్మం పక్కనున్న కిరసనాయిలు సీసాల వైపు నడిచింది.

"ఓలమ్మో, నడుం పట్టేసిందే. ఇలాగొచ్చి పట్టుకో" అంటూ గవర్రాజు పెరట్లో కూలబడ్డాడు.

ఆమె అటు వెళ్లబోయి ఆగింది. నిన్న కాలు బెణికిందన్నాడు. మొన్న మెడ పట్టిందన్నాడు. రెండుసార్లూ తన చెయ్యి ఈ సీసాల మీదే ఉంది.

వెనక్కి తిరిగి ఒక్కో సీసా మూత తీసి వాసన చూసింది. చివరిదాంట్లో సారా గుప్పుమంది.

"గుడ్డు దొరికింది బావా," అంది. "ఇంక నువ్వెగిరిపో."