మరిచిపోయిన వాటా

మంచు కమ్మిన కొండమీద ముసలి ఉడుత తన ఆస్తిని, అంటే తాను పాతిపెట్టిన పనసగింజలను, ఇద్దరు కొడుకులకూ కూతురు చుక్కమ్మకూ పంచడానికి కూర్చుంది. పంపకంలో చిన్నవాళ్లే ముందు కోరుకోవాలి.

"బండ కింద కొన్ని, వాగు గట్టున కొన్ని... మిగతావి ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదర్రా," అని తల్లి తల దించుకుంది.

"ఆ మరిచిపోయినవే నాకివ్వమ్మా," అంది చుక్కమ్మ.

"గాలి మూటగట్టుకుంటావా చెల్లీ?" అని అన్నలు నవ్వారు. తమ గింజలు తవ్వుకుని తొలకరిలోపే తినేశారు.

వానలు పడ్డాయి. ఒకనాటి ఉదయం మంచు విడేసరికి కొండంతా లేత పనస మొక్కలు మెల్లగా ఊగుతున్నాయి.

"ఎవరిదే ఈ తోట?" అని అడిగింది తల్లి.

"నువ్వు వేసిందేనమ్మా. రేపు మరిచిపోయి మళ్లీ అడిగినా చెబుతాలే," అంది చుక్కమ్మ.